లక్ష తలుపుల జీవికి వండిపెట్టిన పెద్దమ్మ

మా ల్యాబులో పెద్దమ్మ అని ఒకావిడ ఉండేవారు. నాకు చుట్టం కాదు, అక్కడ ఎవరికీ చుట్టం కాదు. వయసులో అందరికన్నా పెద్ద కాబట్టి అందరికీ పెద్దమ్మ. ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల కింద మొదలై గోడ చివరిదాకా పోయే పొడుగాటి గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు వంట చేశారు. అయితే తినేవాళ్ళు మనుషులు కారు, బాక్టీరియాలు.

రోగి రక్తంలో దాక్కున్న క్రిమిని బయటికి రప్పించాలంటే ముందు దానికి అన్నం పెట్టాలి. ఆ అన్నానికి మీడియం అని పేరు. పొడిని డిస్టిల్డ్ నీళ్ళలో కలిపి, కాచి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్లో ఉడికించి, మూతలున్న చిన్న పళ్ళాల్లో పోస్తారు. చల్లారితే గడ్డకడుతుంది. మందం సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. పెద్దమ్మ ప్రతి విడతలో ఒక పళ్ళెం పక్కకి తీసి, నిలువుగా కోసి, స్కేలు పెట్టి చూసేవారు. అర మిల్లీమీటరు తేడా వచ్చినా విడత మొత్తం పారబోసేవారు. "పారబొయ్యడం పెద్దమ్మ సొంత సరదా" అని మేము నవ్వుకునేవాళ్ళం.

ఇంట్లో మాత్రం ఆవిడ పొయ్యి ముట్టరు. పెదనాన్న దర్జీ. మిషను ఇంట్లోనే కాబట్టి వంట కూడా ఆయనదే. "రోజంతా పురుగులకి వండిన చేత్తో నాకు వడ్డిస్తే ముద్ద దిగదే" అంటాడట. "ఆయన చేతి కూర తిని ముప్పై ఏళ్ళు బతికాను. నా పురుగుల కన్నా నేనే గట్టిదాన్ని" అని ఈవిడ జవాబు.

నేను అక్కడ టెక్నీషియన్‌ని. పెద్దమ్మ పోసిన పళ్ళాల మీద క్రిముల్ని పెంచి, ఏ మందుకి చస్తాయో చూసి రిపోర్టు రాయడం నా పని. నాకు ముక్కు మీద కోపం. ఎవరైనా ఒక్క మాటంటే నేను నాలుగంటాను, తర్వాత రెండు రోజులు తిండి సహించదు. పెద్దమ్మ నాకు మిరపకాయ్ అని పేరు పెట్టారు. నా పెళ్ళి కార్డు మీద కూడా ఆ పేరే వేయిద్దామన్నారు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు టీ తాగుతుండగా పెద్దమ్మ మా ల్యాబు పెద్ద మేడంని అడిగారు. "మేడం, ఇన్నేళ్ళుగా వండి పెడుతున్నాను. వీటికి నోరెక్కడుందో ఇంతవరకూ తెలీదు."

మేడం నవ్వలేదు. కాగితం తిప్పి ఒక గుండ్రని బొమ్మ గీశారు. "నోరు లేదు పెద్దమ్మా. ఒంటి చుట్టూ బయటి పొర ఉంటుంది. ఆ పొర నిండా సన్నటి గొట్టాలు. ప్రొటీన్‌తో అల్లుకున్న గొట్టాలు, లోపల నీళ్ళు. వాటిని పోరిన్లు అంటారు. తలుపులు అనుకోండి. తిండి అందులోంచే లోపలికి పోతుంది. మనమిచ్చే మందు కూడా అందులోంచే పోవాలి."

"ఎన్ని తలుపులు?"

"కొన్ని జాతుల్లో లక్ష దాకా ఉంటాయి."

"ఒక్కో పురుగుకా?"

"ఒక్కోదానికి. మీ స్కేలు మీద ఒక మిల్లీమీటరు ఉంది చూశారూ, ఆ రెండు గీతల మధ్య ఆ తలుపుల దారులు పక్కపక్కన పేరిస్తే సుమారు పది లక్షలు పడతాయి."

పెద్దమ్మ జేబులోంచి స్కేలు తీసి ఆ రెండు గీతల మధ్య చాలాసేపు చూశారు. టీ చల్లారిపోయింది. "ఎవరమ్మా ఇంత పని చేసింది" అన్నారు చివరికి. ఎవర్ని అడిగారో తెలియదు. నేను కాలేజీలో ఆ పేజీ చదివి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఆవిడ ముఖం చూశాక ఆ పేజీ నేను నిజంగా చదవలేదని అర్థమైంది. మర్నాటి నుంచి పళ్ళాల్లో మీడియం పోస్తూ ఆవిడ ఒక మాట అనేవారు: "తలుపులు తీసుకోండర్రా, భోజనం వచ్చింది."

ఇక అసలు సంగతికి వస్తాను.

పెద్దమ్మ రిటైరవడానికి మూడు నెలలుందనగా మా అన్నయ్య ఆసుపత్రిలో చేరాడు. బస్సు డ్రైవరు. మూత్రనాళంలో రాయి అడ్డుపడి, ఆపరేషన్ చేసి గొట్టం వేశారు. మూడో రోజుకి చలి, జ్వరం. క్రిమి రక్తంలోకి పాకింది. ఎవరికైనా అది ప్రమాదమే. మా అన్నయ్యకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాడికున్నది ఒక్క కిడ్నీ. తొమ్మిదేళ్ళ క్రితం రెండో దాన్ని మా వదినకి ఇచ్చాడు. "సగం ఆస్తి పెళ్ళాం పేరు మీద రాశాను" అని బస్సంతా చెప్పుకుని తిరిగే రకం.

రక్తంలో పెరిగిన క్రిమి మొండిది. ఉన్న మందుల్లో పనికొచ్చేవి రెండే మిగిలాయి. ఒకటి మెత్తనిది, కిడ్నీ జోలికి పోదు. రెండోది మొరటుది, క్రిమితో పాటు కిడ్నీని కూడా నమిలేస్తుంది. మెత్తటి మందు పనిచేస్తుందో లేదో చెప్పాల్సింది మా ల్యాబే.

ఆ పరీక్ష ఎలా చేస్తామంటే, పళ్ళెం మీద క్రిమిని పలచగా పరిచి, మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళ పెడతాం. మర్నాటికి క్రిమి పళ్ళెమంతా పెరుగుతుంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం కనిపిస్తుంది. ఆ వలయం పందొమ్మిది మిల్లీమీటర్లు గానీ అంతకుమించి గానీ ఉంటే మందు పనిచేసినట్టు. పదిహేను గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే లాభం లేదు.

అన్నయ్య పళ్ళెం నేనే కొలిచాను. పదిహేను. మూడుసార్లు కొలిచాను. రిపోర్టు నా చేత్తోనే రాసి పైకి పంపాను. మధ్యాహ్నం నాలుగింటికి మొరటు మందు మొదలుపెడతామని వార్డు డాక్టర్ కబురు చేశారు.

అప్పుడు పదకొండయింది. పెద్దమ్మ చేతిలో రెండు పళ్ళాలతో వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు.

"అమ్మాయ్, ఒక మాట. ఈ మెత్తటి మందు వలయాలు రెండు వారాల నుంచి చిక్కిపోతున్నాయి. మిగతా మందులవి బాగానే ఉన్నాయి. దీనివే. మన తెలిసిన క్రిమి మీద కూడా. ఇదివరకు ఓవర్‌కోటు గుండీ అంత ఉండేది. ఇప్పుడు మామూలు కోటు గుండీ అంతే ఉంది."

తెలిసిన క్రిమి అంటే, మా పరీక్ష సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ప్రతివారం పెంచే క్రిమి. దాని వలయం ఎంత రావాలో ముందే తెలుసు.

"పారేసే పళ్ళాలు చూస్తూ కూర్చున్నారా?" అన్నాను.

"కుక్కర్లో పెట్టి చంపే ముందు చూస్తాను. అలవాటు." చేతిలోని పళ్ళాల్ని వెలుతురుకి పట్టారు. "రెండు వారాల కిందట నా ప్లాస్టిక్ డ్రమ్ము పగిలింది. కొత్తది అడిగితే ఇంకా రాలేదు. పని ఆగకూడదని ఇంట్లోంచి కొత్త రేకు బకెట్ తెచ్చాను. తళతళలాడేట్టు తోమి, డిస్టిల్డ్ నీళ్ళు రాత్రంతా అందులోనే ఉంచుతున్నాను. నేను మార్చింది ఇదొక్కటే. తప్పు నాదేమోనని భయంగా ఉంది."

నా ఒళ్ళు మండిపోయింది. ఏమన్నానో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "మా అన్నకున్నది ఒక్క కిడ్నీ. నీ బకెట్ పాడుగాను. ముప్పై ఏళ్ళు ఇక్కడ వెలగబెట్టింది ఇదా?" అన్నాను. ఏనాడూ ఏకవచనంలో పిలవని మనిషిని నీ, నువ్వు అన్నాను. గదిలో అందరూ తలలు తిప్పారు. పెద్దమ్మ పళ్ళాలు కింద పెట్టలేదు, కళ్ళు దించలేదు. "మేడంకి చెప్పు. తర్వాత తిడుదువుగాని" అన్నారు.

మేడం వచ్చారు. బకెట్ తెప్పించి వెలుతురులో తిప్పి చూశారు.

"ఇనుప రేకుకి తుప్పు పట్టకుండా జింకు పూత వేస్తారు" అన్నారు నెమ్మదిగా. "డిస్టిల్డ్ నీళ్ళలో ఏమీ ఉండదు కదా, అందుకే అవి ఆకలి మీద ఉంటాయి. ముట్టుకున్న లోహాన్ని కొరుక్కుతింటాయి. ఆ జింకు మీడియంలోకి వచ్చింది. ఈ క్రిమికి జింకు ఎక్కువైతే విషం. అందుకని తన ఒంట్లో ఒక హెచ్చరిక మోగిస్తుంది. జింకుని బయటికి తోడే పంపులు పెడుతుంది. అదే హెచ్చరికతో ఒక రకం తలుపుని తయారుచేయడం ఆపేస్తుంది. ఆ తలుపు అసలు కొన్ని రకాల తిండి ముక్కల కోసం ఉన్నది. మన మెత్తటి మందు తిండి ముక్క వేషంలో ఆ తలుపులోంచే దూరుతుంది."

"అంటే తలుపు లేకపోతే మందు బయటే నిలబడిపోతుందన్నమాట" అన్నారు పెద్దమ్మ.

"అంతే. ఈ క్రిమి మందుకి లొంగనిది అయ్యుండొచ్చు. లేదా మీ బకెట్ నీళ్ళకి భయపడి తలుపు మూసుకున్నదై ఉండొచ్చు. ఏదో తెలియాలంటే మంచి నీళ్ళతో మళ్ళీ చెయ్యాలి. పెద్దమ్మా, మీరే చెయ్యండి."

"ఆవిడ చెయ్యకూడదు" అన్నాను నేను.

మేడం అల్మారాలోంచి తెలిసిన క్రిమి రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు. మెత్తటి మందు వలయం ఇరవై నుంచి ఇరవై ఎనిమిది దాకా రావచ్చు. ఏడాది పొడుగునా ఇరవై అయిదు, ఇరవై అయిదు, ఇరవై ఆరు. కిందటి వారం ఇరవై ఒకటి. ఈ వారం ఇరవై. రెండింటి పక్కనా నా సంతకం ఉంది. హద్దులోపలే ఉంది కదా అని పెట్టేశాను. చదువురాని మనిషి కంటితో పట్టుకున్నదాన్ని, చదువుకున్న నేను స్కేలుతో కొలిచి కూడా చూడలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం వినడమే గానీ, ఆ రోజు నా భుజాలు నాకే బరువయ్యాయి.

పెద్దమ్మ అప్పటికే పనిలో దిగారు. నీళ్ళు డిస్టిల్ చేసే యంత్రంలోంచి నేరుగా గాజు కూజాలోకి పట్టారు. పొడి తూచారు, కాచారు, ఉడికించారు, పోశారు. ఒక పళ్ళెం కోసి స్కేలు పెట్టారు. నాలుగు. మూడున్నరకి కొత్త పళ్ళెం మీద అన్నయ్య క్రిమిని పరిచి బిళ్ళ పెట్టాను. ఫలితం రావాలంటే మర్నాడు ఉదయం తొమ్మిది కావాలి.

కానీ డాక్టర్ నాలుగింటికే మందు మొదలుపెట్టాలి. నన్నూ వదిననీ వరండాలోకి పిలిచారు.

"పొద్దున ఆ మందు పనిచెయ్యదని మీరే రిపోర్టిచ్చారు" అన్నారాయన నాతో. "ఇప్పుడేమో పరీక్షే తప్పయ్యుండొచ్చంటున్నారు. రేపటిదాకా ఏ మందూ ఇవ్వకుండా ఆగలేను. మెత్తటిది ఇచ్చి, అది పనిచెయ్యకపోతే ఈ రాత్రి మనిషి చెయ్యి జారిపోవచ్చు. మొరటుది ఇస్తే కిడ్నీ పోవచ్చు. దేన్ని నమ్మమంటారు?"

నేను వదిన వైపు చూశాను. వదిన పొట్ట కింద కుడివైపు చెయ్యి పెట్టుకుని నిలబడింది. అన్నయ్య ఇచ్చిన కిడ్నీ అక్కడే ఉంటుంది. కంగారుపడితే ఆ చెయ్యి తనకి తెలియకుండానే అక్కడికి పోతుంది.

"నాకు మీ లెక్కలు తెలీవు. ఆ బకెట్ సంగతి ఎవరు బయటపెట్టారు?" అంది వదిన.

"పెద్దమ్మే. తనంతట తనే చెప్పారు."

"చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు. మూడు నెలల్లో రిటైరవుతారు."

"చెప్పినందుకు ఆవిడకేం లాభం?"

"ఏమీ లేదు వదినా. ఉద్యోగం మీదికి రావచ్చు. పైగా నా చేత తిట్లు కూడా తిన్నారు."

"అయితే ఆవిడ మాటే నమ్ముదాం" అంది వదిన డాక్టర్ వైపు తిరిగి. "మెత్తటిదే ఇవ్వండి."

డాక్టర్ నా వైపు చూశారు. నేను తలూపాను. ఆ రాత్రి గురించి రాయడానికేమీ లేదు. వదినా నేనూ మంచానికి చెరోవైపు కూర్చున్నాం, అంతే.

ఎనిమిదిన్నరకే కిందికి దిగాను. పెద్దమ్మ ఇంక్యుబేటర్ ముందు నిలబడి ఉన్నారు గానీ తలుపు తెరవలేదు. "టైమవ్వలేదు. అరగంటాగు" అన్నారు. ఆ అరగంటలో నేను నోరు తెరిచి, "నిన్న నేనన్నది" అని మొదలుపెట్టాను. "తొమ్మిదయ్యాక మాట్లాడు" అన్నారు.

తొమ్మిదింటికి పళ్ళెం తీసి వెలుతురులో పట్టారు. పచ్చటి క్రిమి పొర మధ్యలో, బిళ్ళ చుట్టూ అవతలి వెలుతురు కనిపించేంత ఖాళీ ఉంది. గుండ్రంగా, అంచు చెదరకుండా. నేను స్కేలు పెట్టాను. ఇరవై మూడు. తెలిసిన క్రిమిది ఇరవై అయిదు.

నేను ఏడ్చేశాను. మేడం కూడా కళ్ళద్దాలు తీశారు. ఆ వలయాలు వేలకొద్దీ కొలిచినదాన్ని, ఒక్కదాన్ని కూడా అలా చూడలేదు. కంటికి ఏనాటికీ కనిపించని గొట్టాలు, కోటానుకోట్ల క్రిముల ఒంటి మీద ఒక్కోదానికి వేలకొద్దీ, మంచి నీళ్ళు తగలగానే మళ్ళీ పుట్టుకొచ్చాయి. అవి తెరిచి ఉన్నాయని చెప్పడానికి మనకున్న గుర్తల్లా ఆ ఓవర్‌కోటు గుండీ అంత ఖాళీయే. పైన అన్నయ్యకి జ్వరం దిగుతోందని అప్పుడే ఫోనొచ్చింది.

పెద్దమ్మ మాత్రం ఇంకా పళ్ళెం పట్టుకునే ఉన్నారు. "మీ అన్నయ్య సంగతి సరే. ఈ రెండు వారాల్లో మిగతావాళ్ళ మాటేమిటి?" అన్నారు.

నా ఏడుపు ఆగిపోయింది. నిజం చెప్తున్నాను, ఆ ఆలోచన నాకు రానేలేదు. నా ఇల్లు నిలబడితే చాలనుకున్నాను. రిజిస్టరు తిరగేశాం. ఆ మీడియం మీద మెత్తటి మందు పనిచెయ్యదని నేను రిపోర్టు రాసినవాళ్ళు అన్నయ్య కాక మరో నలుగురు. మొండి క్రిముల్ని నెలరోజులు ఫ్రిజ్‌లో దాస్తాం కాబట్టి నలుగురివీ ఉన్నాయి. ముగ్గురు వార్డులోనే ఉన్నారు. నాలుగో ఆవిడ పదకొండో నంబరు మంచం మీద ముసలావిడ. మొరటు మందే ఇచ్చారు. అయిదు రోజుల క్రితం పోయింది.

"ముగ్గురివీ చేద్దాం" అన్నాను.

"నలుగురివీ" అన్నారు పెద్దమ్మ.

"పోయినావిడది ఎందుకు పెద్దమ్మా? ఇప్పుడు తెలిసి ఏం చేస్తాం?"

"ఏమీ చెయ్యలేం. కానీ తెలియాలి."

మర్నాడు ముగ్గురి పళ్ళాల్లోనూ వలయాలు విప్పుకున్నాయి. ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ఇరవై రెండు. మేడం అక్కడికక్కడే వార్డులకి ఫోన్ చేసి మందు మార్పించారు. నాలుగో పళ్ళెం మాత్రం ఇంకా మూత తియ్యకుండా బల్ల మీదే ఉంది. పెద్దమ్మ దాని వైపు చూడట్లేదు. గోడ వైపు తిరిగి నిలబడి, "నువ్వే కొలువు, మిరపకాయ్" అన్నారు. రెండు రోజుల్లో ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి.

మూత తీశాను. స్కేలు రెండుసార్లు జారింది. క్రిమి పొర బిళ్ళ దగ్గరిదాకా పాకి ఉంది. తొమ్మిది.

"తొమ్మిది పెద్దమ్మా" అన్నాను. "మంచి నీళ్ళలోనూ తొమ్మిదే."

మేడం వంగి చూశారు. "ఇది జింకుకి భయపడి మూసుకున్న తలుపు కాదు. దీనికి ఆ తలుపే లేనట్టుంది. ఏ మీడియం మీద చేసినా ఇంతే. ఆవిడకి ఆ మందు ఇచ్చినా పనిచేసేది కాదు. మీ వల్ల కాదు పెద్దమ్మా." తర్వాత దాన్ని పెద్ద ల్యాబుకి పంపితే, ఆ తలుపు తయారుచేసే జన్యువు మధ్యలో తెగిపోయిందని ఉత్తరం వచ్చింది.

పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పని గంటల్లో ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. నేను పక్కన నేల మీద కూర్చుని, "నన్ను క్షమించండి" అన్నాను. ఆవిడ విన్నారో లేదో తెలియదు, నా తల మీద చెయ్యి మాత్రం వేశారు.

తప్పు జరిగినట్టు రాసే కాగితం ఆ మధ్యాహ్నమే నింపాం. మీడియం తయారుచేసినవారు అన్న చోట పెద్దమ్మ సంతకం, సరిచూసినవారు అన్న చోట నాది. మేడం రెండింటి కింద తనది కూడా పెట్టి, డ్రమ్ము అడిగినా సకాలంలో ఇవ్వలేదని రాశారు. డ్రమ్ము మర్నాడే వచ్చింది. పెద్దమ్మ తన మూడు నెలలూ పూర్తిచేసే వెళ్ళారు. బకెట్‌ని పెదనాన్న మిషను పక్కన గుడ్డ ముక్కలు వేసుకోవడానికి పెట్టుకున్నాడు.

ఆ కాగితం నింపిన రోజు సాయంత్రం, వాడిన పళ్ళాల్ని క్రిములు చావడానికి కుక్కర్లో పెట్టే వేళకి, పెద్దమ్మ ఆ నాలుగో పళ్ళాన్ని చేతిలోనే ఉంచుకున్నారు.

"ఆ తలుపులోంచి తిండి కూడా వచ్చేదన్నారు కదా మేడం?"

"అవును. ఆ రకం తిండి దీనికిక సరిగ్గా అందదు."

"తిండి వచ్చే దారి పోయినా సరే, బతికిందన్నమాట." పళ్ళాన్ని కిటికీ వైపు తిప్పారు. పచ్చటి పొర మెరిసింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. స్కేలు గీతల మధ్య చూసిన రోజున్న ముఖమే అది, కాకపోతే కళ్ళు నిండి ఉన్నాయి. "ఆ ముసలావిడ ముఖం కూడా నేను చూడలేదమ్మాయ్. ఆవిణ్ణి తిన్నదానికి మాత్రం రెండుసార్లు వండి పెట్టాను."

పళ్ళాన్ని మిగతావాటి పైన పెట్టి, కుక్కర్ మూత బిగించి, గడియారం ఇరవై నిమిషాలకి తిప్పారు.